ఆయిల్‌లో ఒక్క శాతం



మోటార్ సైకిల్‌నో ట్రాక్టర్‌నో సర్వీసింగ్‌కి ఇచ్చినప్పుడు మెకానిక్ ఇంజిన్ కింద ఉన్న బోల్టు విప్పి, పాత ఆయిల్‌ని ట్రేలోకి దించుతాడు. పోసినప్పుడు పసుపుపచ్చగా మెరిసిన ఆయిల్ దిగేటప్పుడు నల్లగా దిగుతుంది. ఆ నలుపులో చాలావరకు మసి. అయితే కంటికి కనబడనిది ఇంకొకటి కూడా అందులో ఉంటుంది. అది ఇనుము. రింగుల నుంచి, సిలిండర్ గోడల నుంచి, క్యామ్ షాఫ్ట్ నుంచి పిసరు పిసరుగా రాలిన ఇనుము.

రైల్వే డీజిల్ షెడ్లలో ఈ సంగతి బాగా తెలుసు. గుత్తి, కాజీపేట లాంటి షెడ్లలో పనిచేసినవారిని అడగండి, చెబుతారు. లోకోమోటివ్ నుంచి ఎప్పటికప్పుడు ఆయిల్ నమూనా తీసి, పది లక్షల పాళ్లలో ఇనుము ఎంత, రాగి ఎంత, సీసం ఎంత అని లెక్క కడతారు. రాగి, సీసం పెరుగుతుంటే బేరింగుల మీద అనుమానం. ఇనుము, క్రోమియం పెరుగుతుంటే రింగులు, లైనర్ల మీద అనుమానం. ఇంజిన్ విప్పకుండానే లోపల ఏ భాగం అరిగిపోతోందో ఆయిల్ చెప్పేస్తుంది.

ఆ ఇనుము అలా రాలకుండా ఆపడం ఎలా? ఇవాళ నేను మాట్లాడబోయేది దాని గురించే. సుమారు ఎనభై ఏళ్లుగా ప్రపంచమంతా దీనికి ఒకే మందు వాడుతోంది. ఇప్పుడు దానికి తోడుగా, కుదిరితే దాని బదులుగా, రెండు కొత్త పదార్థాలు వరసలో నిలబడ్డాయి. ఒకటి నానో కణాలు, అంటే కంటికి కనబడనంత సన్నని ఘనకణాలు. రెండోది అయానిక ద్రవాలు, అంటే మామూలు వేడిలోనే ద్రవంగా ఉండే లవణాలు.

ఇదంతా ఇంజనీర్ల గొడవ, మనకెందుకు అనుకోకండి. ఫిన్లాండ్‌కు చెందిన కెన్నెత్ హోల్మ్‌బర్గ్, అమెరికాలోని ఆర్గాన్ ప్రయోగశాలలో పనిచేసిన అలీ ఎర్డెమిర్ 2017లో ఒక లెక్క ప్రచురించారు. ప్రపంచం వాడే మొత్తం శక్తిలో దాదాపు 23 శాతం రాపిడి, అరుగుదలలకే పోతోందని వారి అంచనా. అందులో 20 శాతం రాపిడిని దాటడానికి, 3 శాతం అరిగిన భాగాల బదులు కొత్తవి తయారు చేసుకోవడానికి. రైతు ట్రాక్టర్‌లో పోసుకున్న డీజిల్‌లోనూ ఈ వాటా ఉంది.

ఆయిల్ ఉండగా ఇనుము ఇనుముకి ఎలా తగులుతుంది అని మీకు సందేహం రావచ్చు. 1883లో ఇంగ్లండులో బోషాంప్ టవర్ అనే ఇంజనీరు రైలు ఇరుసు బేరింగు మీద ప్రయోగాలు చేస్తూ, ఆయిల్ పోయడానికి బేరింగు పైభాగాన ఒక రంధ్రం తొలిచాడు. ఇరుసు తిరుగుతుంటే ఆయిల్ లోపలికి పోవడం మాని ఆ రంధ్రంలోంచి పైకి తన్నుకొచ్చింది. బిరడా పెడితే బిరడానే ఎగదోసింది. బరువు మోస్తున్నది లోహం కాదు, తిరుగుడు వేగానికి ఒత్తిడి పుంజుకున్న ఆయిల్ పొర అని అప్పుడు తేలింది. మూడేళ్లకు, 1886లో, ఆస్‌బర్న్ రెనాల్డ్స్ దానికి గణిత సిద్ధాంతం ఇచ్చాడు.

ఇక్కడ కీలకం వేగం. వేగం ఉన్నంతసేపూ ఆయిల్ పొర నిలుస్తుంది. కానీ పిస్టన్ పైకి వెళ్లి కిందికి మళ్లేచోట ఒక్క క్షణం ఆగాలి. కిందికి వచ్చి మళ్లీ పైకి మళ్లేచోటా ఆగాలి. నిమిషానికి 3000 చుట్లు తిరిగే ఇంజిన్‌లో పిస్టన్ నిమిషానికి 6000 సార్లు ఆగుతుందన్నమాట. పైగా పైచివర ఆగే చోటే ఇంధనం మండుతుంది, ఒత్తిడీ వేడీ అక్కడే ఎక్కువ. ఆ క్షణంలో ఆయిల్ పక్కకు తప్పుకుంటుంది. ఎంత నునుపుగా చెక్కిన లోహానికైనా సూక్ష్మమైన మిట్టపల్లాలు ఉంటాయి. రెండు వైపుల మిట్టలూ ఒకదాన్నొకటి గీరుకుంటాయి. పొద్దున్నే చల్లటి ఇంజిన్‌ని స్టార్ట్ చేసినప్పుడూ అంతే, ఆయిల్ ఇంకా పైకి చేరకముందే భాగాలు కదలడం మొదలుపెడతాయి.

ఇలాంటి చోట ఆయిల్ ఒక్కటే చాలదని మన బండివాళ్లకు ఎప్పుడో తెలుసు. ఎద్దుబండి ఇరుసుకి వేసే కందెనని ఉత్త ఆముదంతో చేసేవారు కారు. వరిగడ్డి కాల్చిన మసిని ఆముదంలో కలిపి చేసేవారు. ద్రవంలో సన్నని ఘనకణాలు కలిపి ఇరుసుకి పెట్టడమంటే, ఇవాళ ప్రయోగశాలల్లో జరుగుతున్న పనికి అది పాతరూపమే. ఆముదాన్నే ఎంచుకోవడం కూడా ఊరికే జరగలేదు. ఆముదం అణువులకు లోహాన్ని గట్టిగా పట్టుకునే గుణం ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో రోటరీ ఇంజిన్ల విమానాలకు పోసిందీ ఆముదమే.

ఇప్పుడు ఆ ఎనభై ఏళ్ల మందు సంగతి. దాని పేరు జింక్ డైఆల్కైల్ డైథయోఫాస్ఫేట్. పొట్టిగా జెడ్‌డీడీపీ అంటారు. 1940లలో దీన్ని ఆయిల్ చెడిపోకుండా, బేరింగులు తుప్పు పట్టకుండా ఉండటానికి కలపడం మొదలుపెట్టారు. అరుగుదలని కూడా ఇది ఆపుతుందని తర్వాత గమనించారు. ఆయిల్‌లో కలిపేది సుమారు ఒక్క శాతం. రెండు లోహపు మిట్టలు ఒరుసుకున్న చోట పుట్టే వేడికీ ఒత్తిడికీ ఇది విడిపోయి, అక్కడే, ఆ మిట్ట మీదే, గాజు లాంటి ఫాస్ఫేట్ పొరగా పేరుకుంటుంది. ఆ పొర మందం 50 నుంచి 150 నానోమీటర్లు. మన తలవెంట్రుక మందంలో అది కొన్ని వందల వంతుల్లో ఒక వంతు. తర్వాతి ఒరిపిడికి అరిగేది ఆ పొరే, ఉక్కు కాదు. అరిగిన చోట మళ్లీ కొత్త పొర వస్తుంది.

ఇంజిన్‌లో జరిగే పనులన్నిటిలో నాకు అన్నిటికంటే అబ్బురంగా తోచేది ఇదే. దెబ్బ ఎక్కడ తగులుతుందో అక్కడే, తగిలినప్పుడే, ఆ దెబ్బ శక్తితోనే కవచం తయారవుతుంది. 2015లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో రాబర్ట్ కార్పిక్ బృందం దీన్ని కళ్లారా చూసినంత పని చేసింది. వేడి ఆయిల్‌లో మునిగిన అతి సన్నని సూదిమొనతో లోహాన్ని రుద్దుతూ, పొర ఎలా పెరుగుతోందో అదే మొనతో కొలిచారు. ఒత్తిడి పెంచినకొద్దీ పొర పెరిగే వేగమూ పెరిగింది. ఆ పత్రం మొదటి రచయిత నిత్యానంద్ గోస్వామి తర్వాత ఐఐటీ ఢిల్లీలో అధ్యాపకులయ్యారు.

ఇంత మంచి మందుని ఎందుకు మార్చాలి? దానిలోని ఫాస్ఫరస్ వల్ల. ఆయిల్ కొద్దికొద్దిగా మండి పొగగొట్టంలోకి వెళుతుంది. అక్కడ పొగను శుద్ధి చేసే కన్వర్టర్‌లో ప్లాటినం, పల్లాడియం, రోడియం ఉంటాయి. ఫాస్ఫరస్ వాటి మీద పేరుకుంటే అవి పనిచేయడం మానేస్తాయి. డీజిల్ బండ్లలో ఇంకో చిక్కు ఉంది. మసిని పట్టే ఫిల్టర్‌లో మసిని కాల్చేయవచ్చు గానీ, జింక్ లాంటి లోహాలు మిగిల్చే బూడిద కాలదు. అది అక్కడే ఉండి రంధ్రాలను మూసేస్తుంది. మన దేశంలో 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు వచ్చాక ఈ ఫిల్టర్ల గొడవ కొత్త డీజిల్ వాహనాలు నడిపే చాలామందికి అనుభవంలోకి వచ్చింది.

అందుకని 2004లో వచ్చిన అమెరికన్ పెట్రోలు ఇంజిన్ ఆయిల్ ప్రమాణంలో ఫాస్ఫరస్ 0.08 శాతం మించకూడదని పెట్టారు. అదే ప్రమాణంలో 0.06 శాతానికి తగ్గకూడదని కూడా పెట్టారు. ఎక్కువైతే కన్వర్టర్ పోతుంది, తక్కువైతే ఇంజిన్ పోతుంది. అంత సన్నని దారిలో నడుస్తున్నాం.

దీనికి తోడు ఇంధనం ఆదా కోసం ఆయిళ్లు ఏటేటా పలచబడుతున్నాయి. ఒకప్పటి 20డబ్ల్యూ-40 చోట ఇవాళ కొత్త కార్లలో 0డబ్ల్యూ-20, 0డబ్ల్యూ-16 పోస్తున్నారు. పలచటి ఆయిల్‌ని తిప్పడానికి శక్తి తక్కువ పడుతుంది, నిజమే. కానీ పొర కూడా పలచబడుతుంది, ఇనుము ఇనుముకి తగిలే సందర్భాలు పెరుగుతాయి. అంటే ఆ ఒక్క శాతం మందు మీద భారం పెరుగుతోంది, ఆ మందు మోతాదు పెంచే వీలు మాత్రం లేదు.

నానో కణాలు ఇక్కడే వచ్చాయి. మోలీ గ్రీజు మన మెకానిక్కులందరికీ తెలుసు. అందులో ఉండేది మాలిబ్డినం డైసల్ఫైడ్, పొరలు పొరలుగా ఉండి జారిపోయే ఖనిజం. దాన్ని పలకల రూపంలో పొడి చేస్తే పలకల అంచులు రసాయనికంగా చురుగ్గా ఉంటాయి, లోహానికి అంటుకుంటాయి, గాలికి చెడిపోతాయి. 1992లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థలో రెషెఫ్ టెన్నె బృందం దాని తోబుట్టువు లాంటి టంగ్‌స్టన్ డైసల్ఫైడ్‌ని ఉల్లిపాయలాగా, పొర మీద పొరగా ముడుచుకున్న గుండ్రటి కణాలుగా చేయవచ్చని చూపింది. ముడుచుకున్నదానికి అంచు ఉండదు. 1997లో ఇవి కందెనగా బాగా పనిచేస్తాయని వారే ప్రచురించారు.

ఈ కణాలు లోహాల మధ్య చిన్న చిన్న గోళాల్లా దొర్లుతాయి కాబట్టి రాపిడి తగ్గుతుందని చాలాచోట్ల చదువుతుంటాం. వినడానికి బాగుంటుంది గానీ, అసలు పని అది కాదని నేను నమ్ముతాను. ఫ్రాన్స్‌లోని లియోన్‌లో పరిశోధకులు ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ లోపలే ఒక్కో కణాన్ని రెండు తలాల మధ్య నొక్కి, కదిలించి చూశారు. ఒత్తిడి తక్కువగా ఉన్నప్పుడు కణం దొర్లింది. ఒత్తిడి పెరిగాక నలిగిపోయి, దాని పొరలు ఒక్కొక్కటే ఊడి, ఉక్కుకి అంటుకున్నాయి. ఇంజిన్‌లో ఉండే ఒత్తిడి ఎక్కువ ఒత్తిడే. కణం తాను విడిపోయి తలం మీద పరుచుకోవడం వల్లే మేలు జరుగుతోంది. జెడ్‌డీడీపీ చేసే పనినే ఇది ఇంకో దారిలో చేస్తోందన్నమాట. పెన్సిల్వేనియా బృందమే తర్వాత 5 నానోమీటర్ల జిర్కోనియా కణాలతోనూ ఇదే చూసింది. ఒరిపిడి ఉన్నచోట ఆ కణాలు ఒకదానికొకటి అతుక్కుని గట్టి పొరగా మారాయి. రాగి కణాలు గీతలను పూడుస్తాయి. నానో వజ్రాలు మిట్టలను నునుపు చేస్తాయి. కార్బన్ రేకు అయిన గ్రాఫీన్ మీద పరిశోధన పత్రాలైతే లెక్కకు అందనన్ని.

మరి ఇంత ఉన్నా, కొట్లో దొరికే పేరున్న కంపెనీల ఇంజిన్ ఆయిల్ డబ్బాలలో చాలావాటిలో జెడ్‌డీడీపీయే ఇంకా ఎందుకు ఉంది?

ప్రయోగశాలలో ఈ ఆయిళ్లను ఎక్కువగా పరీక్షించేది నాలుగు గోళీల యంత్రం మీద. 12.7 మిల్లీమీటర్ల ఉక్కు గోళీలు మూడు అడుగున బిగిస్తారు, నాలుగోదాన్ని పైన పెట్టి తిప్పుతారు. 40 కిలోల బరువు, 75 డిగ్రీల వేడి, నిమిషానికి 1200 చుట్లు, ఒక గంటసేపు. తర్వాత కింది గోళీల మీద పడ్డ అరుగు మచ్చ వ్యాసాన్ని మైక్రోస్కోప్ కింద కొలుస్తారు. మచ్చ చిన్నదైతే ఎడిటివ్, అంటే ఆయిల్‌లో కలిపిన మందు, మంచిది. చౌకైన పరీక్ష, త్వరగా అయిపోతుంది. మన ఇంజనీరింగ్ కళాశాలల్లో ఎంతోమంది పిల్లలు దీని మీదే ప్రాజెక్టులు చేశారు, మంచి ఫలితాలు తెచ్చారు. కానీ ఆ కప్పులో ఉండేది తరచుగా వేరే మందులేవీ కలపని శుభ్రమైన బేస్ ఆయిల్, అప్పుడే కలిపిన కణాలు, గంట సమయం. నిజమైన ఇంజిన్‌లో ఆయిల్ నెలల తరబడి ఉండాలి. అందులో మసి, నీటి ఆవిరి, ఆమ్లాలు చేరతాయి. బండి వారం రోజులు షెడ్డులో నిలబడితే కణాలు ఒకదాన్నొకటి అంటుకుని గడ్డకట్టి అడుగుకు చేరతాయి. అలా చేరకుండా కణం ఒంటికి ఓలియిక్ ఆమ్లం వంటి పొడవాటి అణువుల పూత పూస్తారు. కొంతవరకు ఆగుతాయి.

అంతకన్నా లోతైన చిక్కు ఇంకొకటి ఉంది. మనం కొనే ఆయిల్‌లో మసిని విడివిడిగా ఉంచే డిస్పర్సెంట్ అనే ఎడిటివ్ ముందే ఉంటుంది. అది నానో కణాలను కూడా చక్కగా విడివిడిగా ఉంచుతుంది. ఆనందపడే లోపే ఇంకొకటి జరుగుతుంది. కణానికి దాని పూత పట్టడంతో కణం లోహానికి అంటుకోదు, పొర ఏర్పడదు. ఆయిల్‌లో తేలుతూ ఉంటుంది, పనిచేయదు. లియోన్ పరిశోధకులు మాలిబ్డినం డైసల్ఫైడ్ కణాలతో దీన్ని స్పష్టంగా చూపారు. ఆయిల్‌లో నిలకడగా ఉండటం, లోహం కనబడగానే ఆయిల్‌ని వదిలి దాన్ని పట్టుకోవడం, ఈ రెండూ ఒకే కణం చేత చేయించాలి. ఏ ఎడిటివ్‌నైనా నేను ముందు ఈ ప్రశ్నతోనే చూస్తాను. మచ్చ ఎంత చిన్నదైందన్నది ఆ తర్వాత.

అయానిక ద్రవాల బలం సరిగ్గా ఇక్కడే ఉంది. మన వంట ఉప్పు కరిగి ద్రవం కావాలంటే 801 డిగ్రీల వేడి కావాలి, ఎందుకంటే సోడియం, క్లోరిన్ అయాన్లు రెండూ చిన్నవి, బిగువుగా పేర్చుకుంటాయి. వాటి చోట ఒడ్డూ పొడుగూ ఉన్న, వంకరటింకర అయాన్లను పెడితే సరిగా పేర్చుకోలేవు, గది వేడిలోనే ద్రవంగా ఉండిపోతాయి. 1914లోనే పాల్ వాల్డెన్ 12 డిగ్రీలకే కరిగే ఇలాంటి లవణాన్ని వర్ణించాడు. ఇవి దాదాపుగా ఆవిరి కావు, సులభంగా నిప్పంటుకోవు. అయాన్లకు విద్యుదావేశం ఉంటుంది కాబట్టి లోహపు తలాన్ని వెతుక్కుంటూ వెళ్లి పట్టుకుంటాయి. పిలవనక్కర్లేదు.

2001లో చైనాలోని లాన్‌జౌలో వీమిన్ లియు బృందం వీటిని కందెనలుగా వాడి చూసి మంచి ఫలితాలు ప్రకటించింది. అక్కడి నుంచి పరిశోధన పరుగెత్తింది. కానీ మొదటి తరం ద్రవాలకు రెండు పెద్ద లోపాలు. వాటిలో చాలావాటిలో ఫ్లోరిన్ ఉండేది. తేమ తగిలితే అవి విడిపోయి హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం పుట్టేది, అది ఉక్కునే తినేసేది. రెండోది, లవణం నూనెలో కలవదు. ఎంత తిప్పినా వేరుపడుతుంది.

ఈ ముడిని విప్పినది అమెరికాలో టెన్నెసీ రాష్ట్రంలోని ఓక్‌రిడ్జ్ జాతీయ ప్రయోగశాల. 2012లో జున్ చూ బృందం, జనరల్ మోటార్స్ వారితో కలిసి, ఒక ఫాస్ఫోనియం లవణాన్ని ప్రకటించింది. దాని ధన అయాన్ మధ్యలో ఫాస్ఫరస్, చుట్టూ నాలుగు పొడవాటి కార్బన్ గొలుసులు. మూడు ఆరేసి కార్బన్లవి, ఒకటి పద్నాలుగు కార్బన్లది. రుణ అయాన్‌కీ కొమ్మలు చాచిన గొలుసులు ఉన్నాయి. ఆవేశమంతా ఈ గొలుసుల మాటున దాగుతుంది. నూనెకి పైనుంచి కనిపించేది తనలాంటి కార్బన్ గొలుసులే. అందుకని ఏ పాళ్లలో పోసినా కలిసిపోతుంది. ఫ్లోరిన్ లేదు, ఉక్కుని తినదు. ఒరిపిడి జరిగిన చోట మాత్రం విడిపోయి ఫాస్ఫేట్ పొర కడుతుంది. లోహం లేదు కాబట్టి బూడిద మిగల్చదు.

అయితే ఇందులోనూ ఫాస్ఫరస్ ఉంది. దాన్ని దాటవేయడం సరికాదు. 0.08 శాతం హద్దులో ఇదీ తన వాటా తీసుకుంటుంది. 2015లో అదే బృందం చెప్పిన సంగతి ఇక్కడ ముఖ్యం. మొత్తం ఫాస్ఫరస్ పెరగకుండా, జెడ్‌డీడీపీలో కొంత తీసేసి ఆ మేరకు ఈ లవణాన్ని కలిపితే, ఏ ఒక్కదానితోనూ రానంతగా అరుగుదల తగ్గింది. రెండూ ఆయిల్‌లో కలిశాక అయాన్లు మార్చుకుని కొత్త సమ్మేళనాలుగా మారుతున్నాయని వారు చూపారు. పాతదాన్ని తరిమేయకుండా, ఉన్న కొద్దిపాటి హద్దులోనే రెండింటినీ పక్కపక్కన పనిచేయించడం నాకు చాలా ఆశ కలిగించే దారి. నానో కణాల ఒంటికి అయానిక ద్రవపు పూత పూసి, గడ్డకట్టకుండా నిలిపే ప్రయత్నాలూ సాగుతున్నాయి.

ఇక ధర. జెడ్‌డీడీపీ చాలా చౌక. ఈ లవణాలను చేయడానికీ శుద్ధి చేయడానికీ ఖర్చు ఎక్కువ. నీళ్లలో కలిస్తే ఏమవుతుందన్నది కూడా చూడాలి. ఇమిడజోలియం అనే అయాన్ ఉన్న ద్రవాల్లో పొడవు గొలుసులున్నవి నాచుకీ, చిన్న నీటి జీవులకీ హాని చేస్తాయని రుజువైంది. ఆవిరి కాదు కాబట్టి పర్యావరణానికి మంచిదని ఒక్క మాటతో తేల్చేయడం పొరపాటు.

మన దేశంలో కొవ్వు ఆమ్లాల నుంచే, ఫ్లోరిన్ లాంటి హాలోజన్లు లేకుండా, ఇలాంటి ద్రవాలు చేసే పని డెహ్రాడూన్‌లోని భారతీయ పెట్రోలియం సంస్థలో జరిగింది. అక్కడే గ్రాఫీన్, మాలిబ్డినం డైసల్ఫైడ్ రేకుల మీద కూడా ఏళ్ల తరబడి పరిశోధన ఉంది. హైదరాబాద్‌లోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ ఐఐసీటీలో విత్తన నూనెల నుంచి కందెనలు తయారు చేసే నైపుణ్యం ఎప్పటి నుంచో ఉంది. ఆముదం పండించడంలో ప్రపంచంలో మనదే మొదటి స్థానం. పంటలో ఎక్కువ గుజరాత్‌దే అయినా, నల్గొండ, మహబూబ్‌నగర్ చేలల్లోనూ ఆముదం తరతరాల పంట. ఆ గింజను నూనెగా ఎగుమతి చేసి, దాన్నుంచి చేసిన ఖరీదైన రసాయనాలను తిరిగి కొనుక్కోవడం కన్నా, ఆ మధ్య మెట్టు ఇక్కడే కట్టుకోవాలని నా గట్టి కోరిక.

విద్యుత్ వాహనాలొస్తే ఈ గొడవే ఉండదంటారు కొందరు. పిస్టన్ రింగులు ఉండవు, సరే. కానీ గేర్లు ఉంటాయి, బేరింగులు ఉంటాయి, నిమిషానికి పది వేల చుట్లు దాటి తిరిగే మోటార్లు ఉంటాయి. చాలా బండ్లలో ఆయిల్ మోటార్ రాగితీగెలని కూడా తాకుతుంది. మోటార్ కరెంటు బేరింగు గుండా పారి, గోళీల దారిలో గుంతలు పెడుతుంది. అయానిక ద్రవాలు విద్యుత్తును ప్రసరింపజేస్తాయి కాబట్టి అవి ఆ గుంతలను ఆపవచ్చు, మోతాదు మించితే మోటార్‌కే ముప్పు కావచ్చు. ఇక్కడ పాళ్లు కుదర్చడమే పెద్ద పని.

చివరగా ఒక్క సంగతి, ముఖ్యంగా మోటార్ సైకిల్ ఉన్నవారికి. నానో అని రాసి ఉన్న చిన్న సీసాలు బజారులో అమ్ముతున్నారు, ఉన్న ఆయిల్‌లో పోస్తే ఇంజిన్ అరగదని చెబుతారు. మీ ఆయిల్‌లో ఉన్న డిస్పర్సెంట్‌తో, జెడ్‌డీడీపీతో ఆ సీసాలోది ఎలా మెలుగుతుందో సీసా మీద ఉండదు. పైగా మన బైకుల్లో చాలావాటిలో క్లచ్ ప్లేట్లు అదే ఇంజిన్ ఆయిల్‌లో మునిగి ఉంటాయి. రాపిడి తగ్గించేది పోస్తే క్లచ్ జారడం మొదలుకావచ్చు, అప్పుడు ఎక్కువ బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్ అరుస్తుంది గానీ బండి కదలదు. ఆయిల్ కొనేటప్పుడు డబ్బా వెనక జాసో ఎంఏ అనో, ఎంఏ2 అనో ఉందేమో చూడండి. తడి క్లచ్‌కి సరిపడే ఆయిల్ అని దానర్థం. ఎంబీ అని ఉంటే అది రాపిడి తగ్గించిన ఆయిల్, స్కూటర్లకు పనికొస్తుంది, గేర్ల బైకులకు వద్దు. మీ బండి మాన్యువల్‌లో ఏ గ్రేడ్ రాశారో అదే పోయించండి, రాసిన కిలోమీటర్లకు మార్పించండి.